అడ్డం పదకొండు

తడిపిన తునికాకును విప్పడం, కత్తెరతో రేకులుగా కత్తిరించడం, పొగాకు పొడి పోసి చుట్టడం, దారం కట్టి మూతి మడిచి చాటలో పడెయ్యడం. సత్తమ్మ పదేళ్ళ వయసు నుంచి చేస్తున్న పని ఇది. ఇప్పుడామెకు అరవై దాటింది. నలభై ఏళ్ళపాటు పెనిమిటి పరశురాములు, ఆయన పోయాక కొడుకు నరేశ్, ఇద్దరూ ఆ చాట వైపు చూసి అన్నమాట ఒక్కటే: "ఇంట్ల కూసోని బీడీలు చుట్టుడు గూడ ఒక పనేనా?" సత్తమ్మ ఎన్నడూ జవాబు చెప్పలేదు. చేతులు ఆగితే కార్ఖానా వాడు తిడతాడు, నోరు తెరిస్తే ఇంటివాడు కొడతాడు. అందుకని చేతులు ఆడిస్తూ నోరు మూసుకుని ఉండటం అలవాటు చేసుకుంది.

కోడలు నవనీత భైంసా పిల్ల. తెలుగు ముఖ్యాంశంగా డిగ్రీ చదివింది. పెళ్ళిచూపుల్లో "చదువుకున్న పిల్లనే కావాలె" అన్నది నరేశే. పెండ్లయిన నెలకే "చదువుకున్ననని టెక్కు జేస్తున్నవా?" అని మొదటి చెంపదెబ్బ కొట్టిందీ వాడే. ఆ రోజు సత్తమ్మ కోడలిని వంటింట్లోకి తీసుకుపోయి, తడిబట్ట చెంపకు అద్ది, "గింతే బిడ్డా. ఎదురు చెప్పకు, రెండోది పడది" అని చెప్పింది. అది ఓదార్పు అనే అనుకుంది. మూడో ఏడు, ఐదో నెల కడుపుతో ఉన్న నవనీతను వాడు గోడకేసి తోసినప్పుడు, ఆసుపత్రిలో డాక్టరు అడగకముందే "బాత్రూంల జారిపడ్డది" అన్నది కూడా సత్తమ్మే. ఆ మాట కోసం ఆమె వెతుక్కోనక్కరలేకపోయింది. తన ముందరి పన్ను విరిగిన నాడు పరశురాములు, "బాయికాడ జారిపడ్డనని చెప్పు" అన్నాడు. ఆమె అట్లాగే చెప్పింది. బావి పోయి బాత్రూం వచ్చింది, అంతే తేడా.

ఆ కడుపు పోయిన తర్వాత నవనీత చాలా రోజులు మాట్లాడలేదు. ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళు. ఒకనాడు మిర్చి బజ్జీలు కట్టిన పేపరును విప్పి చూస్తూ, ఆ పిల్ల తనలో తానే చదువుకున్నట్టు, "జీతం లేని పని, రెండక్షరాలు" అన్నది.

"వెట్టి" అన్నది సత్తమ్మ, తల ఎత్తకుండానే.

నవనీత చేతులు ఆగిపోయాయి. "నీకెట్ల తెల్సత్తమ్మా?"

"తెల్వకేంది? మా అవ్వ జేసింది, నేను జేస్తున్న."

అది గళ్ళ నుడికట్టు అని, నల్లగళ్ళు వదిలి తెల్లగళ్ళల్లో ఒక్కో అక్షరం రాయాలని, అడ్డంగా చదివినా నిలువుగా చదివినా మాట కుదరాలని నవనీత చెప్పింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం కరీంనగర్ నుంచి వచ్చే పేపరు కొనేది. ఆధారం కోడలు చదివేది, జవాబు అత్త చెప్పేది. సత్తమ్మకు అక్షరం రాదు, కానీ మాటలు ఉన్నాయి. నాట్లవీ కలుపువీ, పడుగువీ పేకవీ, అత్తగారింటి తిట్లు, పుట్టింటి ముద్దుపేర్లు, ఎన్ని ఉన్నాయో ఆమెకే తెలియదు. ఒక్కో మాట గడిలో సరిగ్గా కూర్చుందని కోడలు చెప్పినప్పుడల్లా, ఇన్నేళ్ళు తన నోట్లో ఇరుకుగా ఉన్నవాటికి ఇల్లు దొరికినట్టు అనిపించేది.

ఏడాది తిరిగేసరికి నవనీత తానే గళ్ళు గీసి పంపడం మొదలుపెట్టింది. పాత క్యాలెండరు కాగితాల వెనక స్కేలు పెట్టి గీసి, ఫోనులో ఫోటో తీసి పంపితే, ఆ పేజీ చూసే వందన మేడం అచ్చు వేసేది. కింద చిన్నగా "కూర్పు: నవనీత" అని ఉండేది. నరేశ్ మొదటిసారి చూసి నవ్వాడు. "ఓహో, పెద్ద కవయిత్రివైనవ్! కూరల ఉప్పెక్కువైతె దాన్ని ఎన్ని అక్షరాలల్ల రాస్తవే?" ఉప్పు ఎక్కువ కాలేదని సత్తమ్మకు తెలుసు. అయినా ఆ రోజు పళ్ళెం గోడకు తగిలి సొట్టపోయింది.

ఏప్రిల్ చివర్లో వందన మేడం ఫోను చేసింది. మే నెల మొదటి ఆదివారానికి అన్నీ పని మీద మాటలే కావాలని అడిగింది. నవనీత ఆ మాట చెప్పగానే సత్తమ్మ నోరు తెరిచి నవ్వింది. పని మీద మాటలంటే కరువా?

నాలుగు రోజులు కూర్చున్నారు ఇద్దరూ. నవనీత ఆధారాలు అల్లుతుంటే సత్తమ్మకు ముచ్చటగా ఉండేది.

"ఇది ఇను అత్తమ్మా. చా తోని మొదలై పొద్దుమూకేదాక సాగేది, మూడక్షరాలు."

"చాకిరి!"

"పొద్దంత జేస్తె చేతికొచ్చేది, గోడ పడ్డా గిదే. రెండు."

సత్తమ్మకు కాస్త టైము పట్టింది. "గోడ పడ్డది... గోడ కూలింది... కూలి! అవ్వో, నీ తెలివి పాడుగాను."

"ఎత్వం తీసేస్తె ఉత్తది, ఉంచినా ఉత్తదే." సత్తమ్మకు ఎత్వం అంటే తెలియదు. నవనీత కాగితం మీద వె రాసి, పైనున్న ఆ గుర్తును వేలితో మూసి చూపించింది. వెట్టి, వట్టి. సత్తమ్మ ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది. ఆమె జీవితంలో నేర్చుకున్న మొదటి అక్షరం అదే.

చివరికి ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. అడ్డం పదకొండు. మూడక్షరాలు, మొదటిది పె. నవనీత పెన్ను కొరుకుతూ, పెనము, పెరుగు, పెసలు అని ఏవేవో అనుకుంటున్నది. ఏదీ కుదరలేదు.

"పెత్తనం" అన్నది సత్తమ్మ.

"అది పని ఎట్లయితది అత్తమ్మా?"

"పనెందుకు గాదు? మీ మామ మగ్గం బందైన దినం పొద్దంత ఆపకుంట జేసిన పని గదే. రాయి, పనిలేనోడు ఇంట్ల జేసే పని."

నవనీత ఒక్క క్షణం అత్త ముఖంలోకి చూసి, పకపకా నవ్వింది. సత్తమ్మ కూడా నవ్వింది. ఒళ్ళోని పొగాకు పొడి ఎగిరి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. చచ్చిపోయిన పెనిమిటి మీద సత్తమ్మ నవ్వడం అదే మొదటిసారి. నవ్విన తర్వాత భయం వేసింది, ఆయన పక్క అర్రలోంచి వింటున్నాడేమో అన్నట్టు. ఎనిమిదేళ్ళ కింద పోయిన మనిషికి ఇంకా భయపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "రాయి, రాయి. గట్లనే రాయి" అన్నది మళ్ళీ, ఈసారి గట్టిగా.

ఆదివారం వచ్చింది. మగ్గాలకు ఆర్డర్లు లేక నరేశ్ పని చేసే షెడ్డు నెల రోజుల నుంచి మూతబడి ఉంది. పొద్దున్నే లేచి హనుమంతు హోటల్లో కూర్చుని మధ్యాహ్నం తిండికి వస్తున్నాడు. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో ఆటో కొమురెల్లి తర్వాత చెప్పాడు. నలుగురు కలిసి గళ్ళు నింపుతున్నారట. పదకొండు దగ్గరికి రాగానే ఎవడో గట్టిగా చదివి, "నరేశ్, ఇది నీ పెండ్లాం రాసింది గద, జవాబు నువ్వే చెప్పాలె" అన్నాడట. హోటలంతా నవ్విందట. నరేశ్ కూడా నవ్వి, చా తాగి, గ్లాసు పెట్టి, పేపరు మడిచి చంకలో పెట్టుకుని లేచాడట.

ఇంట్లోకి వచ్చి తలుపు మెల్లగా వేశాడు. తాగి లేడు. ఆ వాసన సత్తమ్మకు ఆమడ దూరం నుంచే తెలుస్తుంది. కొడుకు కళ్ళు తేటగా ఉన్నాయి. పేపరు నవనీత ముందర పడేశాడు.

"అడ్డం పదకొండు. చదువు."

నవనీత చదివింది. "పనిలేనోడు ఇంట్లో చేసే పని. మూడక్షరాలు."

"జవాబు?"

ఆమె పేపరును చాట పక్కన పెట్టింది.

"జవాబు చెప్పవే! ఊరోళ్ళందరు చెప్తుండ్రు, నువ్వు చెప్పవా?"

చాటను కాలితో తన్నాడు. పొద్దుటి నుంచి చుట్టిన బీడీలన్నీ అర్రంతా చెదిరిపోయాయి. నవనీత వంగి ఏరుకోబోయింది. ఆ క్షణంలో కూడా ఆ పిల్ల చేతులు పనికే పోయాయి. వాడు జుట్టు పట్టి లేపి తలను గోడకేసి కొట్టాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. సున్నం రాలింది. కడుపులో తన్నాడు. ఆమె కింద పడి ముడుచుకుంటే నడుం మీద తన్నాడు.

"గీ తెలివి నీకు ఎవలిచ్చిండ్రే? ఎవలు నేర్పిండ్రు నన్ను నవ్వులపాలు జేసుడు?"

నవనీత తల తిప్పి సత్తమ్మ వైపు చూసింది. ఎడమ కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారుతున్నది. ఒక్క చూపే. సత్తమ్మ గొంతులోకి మాట వచ్చింది. "నేను." రెండక్షరాలు. అది నాలుక మీదికి రాలేదు.

"ఎవ్వలియ్యలే" అన్నది నవనీత. "నేనే రాసిన."

అప్పుడు సత్తమ్మ లేచింది.

"అవ్వా, నువ్వు నడుమల రాకు!" అని అరిచాడు నరేశ్.

ఆమె నడుమకు పోలేదు. వీధిలో నల్లా దగ్గర ఆడవాళ్ళ మాటలు ఆగిపోయి అటే వింటున్నట్టు తెలిసింది. ఆమె కాళ్ళు కిటికీ దగ్గరికి నడిచాయి. రెండు రెక్కలూ మూసింది. గొళ్ళెం పెట్టింది. నలభై ఏళ్ళు తనకు దెబ్బలు పడుతున్నప్పుడు అత్త మూసేది, అత్త పోయాక తనే ఏడుస్తూ పాక్కుంటూ పోయి మూసుకునేది. ఇంటి పరువు అనే మాట ఆమె చేతులకు అట్లా అర్థమయింది.

అర్ర చీకటయింది. ఆ చీకట్లో నరేశ్ వంటింటి గడప దగ్గరికి నవనీతను ఈడ్చుకుపోయాడు. కుడిచేతిని గడప మీద పెట్టి, మణికట్టు మీద మోకాలు ఆనించాడు. రోటి పక్కనున్న పొత్రం అందుకున్నాడు. "గీ చేతితోటే గదా రాసింది." మొదటి దెబ్బకు నవనీత అరుపు ఇల్లంతా నిండింది. రెండో దెబ్బకు అరుపు రాలేదు. మూడో దెబ్బ చప్పుడు మాత్రం సత్తమ్మ చచ్చేదాకా మరవదు. పచ్చి కట్టెపుల్ల విరిగినట్టు, తడిగా.

వాడు లేచి, చేతులు కడుక్కుని, పీట వేసుకుని కూర్చున్నాడు. "అన్నం పెట్టు, అవ్వా."

సత్తమ్మ పెట్టింది. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. గడపలో పడి ఉన్న కోడలిని దాటుకుంటూ రెండుసార్లు వంటింట్లోకి పోయి వచ్చింది. వాడు తినడం చూస్తూ నిలబడింది. ఈ నోటికి ఇరవై ఎనిమిదేళ్ళ కింద తాను పాలిచ్చింది. జ్వరమొస్తే నాలుక మీద తేనె రాసింది. పెరిగేకొద్దీ వాడు రోజూ చూసింది మాత్రం ఇంకొకటి. అవ్వను బాపు కొట్టడం, కొట్టించుకున్న అవ్వ లేచి బాపుకు అన్నం పెట్టడం. ఇదిగో, ఇట్లాగే. ఏ బడికీ పంపకుండానే తాను వాడికి ఇది నేర్పింది.

"దవఖానకు తోల్కపో" అన్నాడు నరేశ్, పళ్ళెంలో చెయ్యి కడుగుతూ. "బాత్రూంల జారిపడ్డదని చెప్పు. అప్పటిలెక్కనే."

సత్తమ్మ కొమురెల్లి ఆటోను పిలిచింది. నవనీత చేతికి చీరకొంగు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా ఆ పిల్ల దంతాల మధ్యనుంచి ఊపిరి చప్పుడయ్యేది. హోటల్ ముచ్చట అప్పుడే చెప్పాడు కొమురెల్లి, అద్దంలోంచి చూస్తూ. చెప్పి, "నేను గూడ నవ్విన సత్తవ్వా" అని తల వంచుకున్నాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మూడు వేళ్ళు, మణికట్టు విరిగాయి. కనుబొమ్మకు కుట్లు వేశారు. వయసులో చిన్నదైన డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, ఎట్లా అయిందని అడిగింది.

"బాత్రూంల..." అన్నది నవనీత. అత్తకు ఆ శ్రమ లేకుండా తనే మొదలుపెట్టింది.

"జారిపడితే వేళ్ళు ఇట్లా విరగవమ్మా" అన్నది డాక్టరమ్మ. "పోలీసులకు చెప్పాల్సిన కేసు ఇది. బయట కూర్చోండి, వాళ్ళొచ్చి అడుగుతారు. ఏం చెప్తారో మీ ఇష్టం."

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఫ్యాను కిర్రుకిర్రుమని తిరుగుతున్నది. నవనీత కుడిచేయి మోచేతి దాకా తెల్లటి కట్టులో ఉంది. సత్తమ్మ నీళ్ళ బాటిలు మూత తీసి ఆమె నోటికి అందించింది.

"నవనీతా."

"ఊ."

"గా ముక్క నాది గదా. వాడు అడిగితె నా పేరెందుకు చెప్పలే?"

నవనీత నీళ్ళు మింగి, తల వెనక్కి గోడకు ఆనించింది.

"నువ్వు చెప్తవేమోనని చూసినత్తమ్మా."

ఆ మాటలో కోపం లేదు. అందుకే సత్తమ్మ దాన్ని మోయలేకపోయింది. కొట్టిన దెబ్బలకు, తిట్టిన తిట్లకు ఆమె ఒళ్ళు అలవాటు పడి ఉంది. ఇది ఎక్కడ తగిలిందో కూడా తెలియలేదు. ఆ చూపు గుర్తొచ్చింది. రక్తం నిండిన కన్ను తన వైపు తిరిగి, ఒక్క మాట కోసం ఆగిన చూపు. తాను లేచినప్పుడు ఆ పిల్ల కొంచెం ఆశపడి ఉంటుంది. తాను కిటికీ వైపు నడిచినప్పుడు ఏమనుకుని ఉంటుంది?

"చెప్తె నన్ను గూడ కొట్టేటోడని..." అంటూ మొదలుపెట్టి ఆపేసింది. అది నిజమే. కానీ నిజమంతా అది కాదు. వాడు తన కొడుకు. పోలీసుల చేతిలో పడితే తనకు ముద్ద పెట్టేవాళ్ళు ఎవరు, చచ్చిపోతే కొరివి పెట్టేవాళ్ళు ఎవరు, రేపు కులపోళ్ళు ఇంటి ముందర నిలబడి ఏమంటారు? అవన్నీ ఒక్కొక్కటిగా ఆమె ముందుకు వచ్చాయి. "కన్నతల్లివేనా నువ్వు?" అని వదినలు అంటారు. "కోడలు మందు పెట్టింది" అంటారు. ఇల్లు కొడుకు పేరు మీద ఉంది. ఈ వయసులో ఎక్కడికి పోతుంది? పోయి ఏం చేస్తుంది? బీడీలు చుడుతుంది. ఏ అర్రలో కూర్చున్నా బీడీలే చుడుతుంది. ఈ మాట తట్టగానే సత్తమ్మకు విచిత్రంగా అనిపించింది. అరవై ఏళ్ళుగా తాను ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నానని అనుకుంది. అందరూ అదే చెప్పారు. కానీ ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా తాను కూర్చుని తిన్నది లేదు.

సాయంత్రం నాలుగింటికి హెడ్ కానిస్టేబులు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. కాగితం అట్ట మీద పెట్టుకుని నవనీతను అడిగాడు. నవనీత ముందు సత్తమ్మ వైపు చూసి, తర్వాత నేల వైపు చూసింది.

"సారూ" అన్నది సత్తమ్మ. "నేను చెప్త. నేను ఇంట్లనే ఉన్న. కండ్లార చూసిన."

"నువ్వు ఎవరమ్మా?"

"కొట్టినోని తల్లిని."

అతను పెన్ను ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. "అవ్వా, ఆలోచించి చెప్పు. కొడుకు జైలుకు పోతడు. రేపు వచ్చి మాట మారుస్తనంటే కుదరదు."

"మార్చ."

ఆమె చెప్పింది. పేపరు తెచ్చిన దగ్గర్నుంచి పొత్రం దాకా, గోడకు తల ఎన్నిసార్లు కొట్టాడో, కడుపులో ఎట్లా తన్నాడో, వరుస తప్పకుండా చెప్పింది. మూడేళ్ళ కింద కడుపు పోయిన రోజు సంగతి, అప్పుడు తాను ఆడిన అబద్ధం కూడా చెప్పింది. నవనీత ఎడమచేత్తో అత్త మోచేతిని పట్టుకుంది. ఆపడానికో, ఆనుకోవడానికో సత్తమ్మకు తెలియలేదు.

హెడ్ కానిస్టేబులు రాసుకుని, ఒక్కసారి చదివి వినిపించాడు. "భార్యాభర్తల మధ్య చిన్న గొడవ జరిగి, మద్యం మత్తులో, క్షణికావేశానికి లోనై..."

"ఆగుండ్రి సారూ." సత్తమ్మ చెయ్యెత్తింది. "గొడవ అంటె ఇద్దరు జేసేది. గాడ ఒక్కడే జేసిండు. గా మాట కొట్టెయ్యిండ్రి."

"మరేం రాయాలె?"

"కొట్టిండు అని రాయిండ్రి. మద్యం గూడ కొట్టెయ్యిండ్రి, వాడు తాగి లేడు. ఆవేశం గాదు. చెయ్యి గడప మీద పెట్టి, మోకాలు ఆనిచ్చి, రాయి ఎతుక్కున్నడు. దానికి ఇంకేదన్న మాట ఉంటది సారూ, మీకు తెల్సిందే. గది రాయిండ్రి."

అతను మూడు మాటలు కొట్టేసి పైన రాశాడు. "ఉద్దేశపూర్వకంగా" అని చదివాడు. సత్తమ్మ ఆ మాటను పెదవుల మీద ఒకసారి పలికి చూసుకుని తలాడించింది.

"అయిపోయినట్టేనా? వేలిముద్ర వెయ్యి." సిరా డబ్బా మూత తీసి ముందుకు జరిపాడు.

"కాలే. ఇంకోటున్నది."

"ఏంది?"

"వాడు కొడ్తుంటె వాడకట్టోళ్ళకు ఇనబడకుంట కిటికి మూసింది నేను. గది గూడ రాయిండ్రి."

నవనీత చెయ్యి ఆమె మోచేతి మీద బిగుసుకుంది. హెడ్ కానిస్టేబులు పెన్ను కింద పెట్టాడు. "అది రాస్తె నీ మీదికొస్తదవ్వా. కేసుకు గది అవసరం లేదు."

"నాకు అవసరం" అన్నది సత్తమ్మ.

అతను రాసి, రాసింది చదివి వినిపించేదాకా ఆమె వేలికి సిరా అంటించుకోలేదు.